లిఫ్టు ముందు ఎర్రనీళ్ళు

చిన్నపిల్లల బడిలో ఇరవై మూడేళ్ళు పనిచేశానని చెబితే వినేవాళ్ళు ముందుగా అనే మాట, "అబ్బ, ఎంత ఓపిక మీకు" అని. ఓపిక నాకు ఏనాడూ లేదు. ఆ పనికి కావలసింది ముక్కు. ఎవరి నిక్కరు తడిసిందో, ఏ సీసాలో పాలు విరిగాయో, ఏ డబ్బాలో రంగుపిండి బూజు పట్టిందో ముందు ముక్కుకే తెలుస్తుంది. చదువూ సర్టిఫికెట్టూ ఆ తరవాతి సంగతి. ముక్కు నాకు పుట్టుకతో వచ్చింది. సర్టిఫికెట్టు ఇప్పటికీ రాలేదు.

ఈమధ్య మన తెలుగమ్మాయిలు చాలామంది ఇక్కడి ప్రీస్కూళ్ళలో చేరుతున్నారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు మొన్న కూర్చోబెట్టి, "మీ రోజుల్లో పిల్లలకి పాఠాలెలా చెప్పేవాళ్ళు ఆంటీ" అని అడిగారు. అడిగినందుకు శిక్షే ఈ రాత.

వంట చేయమంటే

నేను పుట్టింది మలేషియాలో, పేరాక్ కొబ్బరితోటల్లో. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఆరో తరగతి దగ్గర నేను బడినీ, బడి నన్నూ ఒకే రోజు వదిలేశాం. ఇద్దరికీ పెద్దగా బాధ కలగలేదు. తెలుగు మాత్రం మా నాన్న ఆదివారాలు కూర్చోబెట్టి, కొబ్బరిమట్ట పక్కన పెట్టుకుని నేర్పాడు. మట్ట ఎందుకో నాకూ తెలుసు, అక్షరాలకీ తెలుసు.

పెళ్ళయి సింగపూరొచ్చాక బుకిట్ బటోక్‌లో ఒక ఫ్యాక్టరీలో టీవీ రిమోట్లకి వెనక మూతలు బిగించాను. ఆ ఫ్యాక్టరీ ఒక రోజు ఉన్నపళంగా వేరే దేశానికి లేచిపోయింది. అప్పుడు బుకిట్ పంజాంగ్‌లో ఒక పిల్లల బడిలో వంటమనిషిగా చేరాను. ఇక్కడి గవర్నమెంటు ఫ్లాట్ల కింద గోడలు కట్టకుండా ఒక అంతస్తు వదిలేస్తారు, వాయిడ్ డెక్ అంటారు. పెళ్ళిళ్ళు, చావులు, ముసలాళ్ళ చదరంగం అన్నీ అక్కడే. మా బడి కూడా అక్కడే, ఒక మూల గోడలు కట్టుకుని ఉండేది. నా పేరు అప్పలమ్మ. పిల్లలకి నోరు తిరక్క ఆపిల్ ఆంటీనయ్యాను.

ఐటీ ఉరకలేస్తున్న రోజులవి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోతాయని ప్రపంచం బెంగపెట్టుకుంటే, ఆ బెంగ తీర్చడానికి మనవాళ్ళు విమానాల్లోంచి దిగేవారు. మా బ్లాకులోనే ఆరు తెలుగు కుటుంబాలు. ఆలుమగలిద్దరూ ప్రోగ్రామర్లే. పొద్దున్న ఏడింటికి పిల్లల్ని మా దగ్గర దింపితే సాయంత్రం ఏడింటికి మళ్ళీ ముఖం చూపించేవారు. మా సైన్సు టీచర్ని కూడా ఏదో డాట్‌కామ్ కంపెనీ ఎగరేసుకుపోయింది. దాంతో ప్రిన్సిపాల్ మిసెస్ కో వంటగదిలోకొచ్చి, "వస్తువుల పాఠం కొన్నాళ్ళు నువ్వే చెప్పు లా. గిన్నెలూ గరిటెలూ నీ దగ్గరే ఉన్నాయి కదా" అంది. మాట చివర లా అనడం ఇక్కడివాళ్ళ అలవాటు. కొత్త టీచరు వచ్చేదాకా అంది. ఆ టీచరు వచ్చేలోపు నా జుట్టు నెరిసింది.

నొక్కితే కరిగే మంచు

మిసెస్ కో మంచి మనిషి. రోజుకి ఇరవైసార్లు పిల్లల తలలు లెక్కపెట్టేది; ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఒక్క తల తక్కువ కాలేదు. ఆవిడ బలహీనత కొత్త వస్తువులు. ఆ ఏడాది నాలుగు కంప్యూటర్లు కొంది. వాటిలో ఒక పెంగ్విన్ ఉంటుంది, దాని పక్కన మంచుగడ్డ. సూర్యుడి మీద మౌసు పెట్టి రెండుసార్లు నొక్కితే మంచు కరిగి నీళ్ళవుతుంది, పెంగ్విన్ చప్పట్లు కొడుతుంది. తన ఇల్లు కరిగిపోతుంటే పెంగ్విన్ చప్పట్లెందుకు కొడుతుందో నాకు ఎవరూ చెప్పలేదు.

నా వంతు వచ్చిన రోజు పళ్ళెంలో నిజం మంచుగడ్డ పెట్టి బల్ల మీదుంచాను. జున్ వీ అనే అయిదేళ్ళ పిల్లాడు దాన్ని వేలితో టకటకా రెండుసార్లు పొడిచాడు. చూశాడు. మళ్ళీ పొడిచాడు. ఆఖరికి నా వైపు తిరిగి, "ఆంటీ, హ్యాంగ్ అయిపోయింది" అన్నాడు.

ఈ పని ఏమిటో నాకప్పుడే అర్థమైంది. పిల్లలకి కొత్త సంగతులు చెప్పడం కాదు, చేతికి పని పెట్టి కాసేపు ఆగడం. మంచు గుప్పిట్లో పెట్టుకుని చెయ్యి నొప్పి పుట్టేదాకా ఉంచమనేదాన్ని. అగర్ అగర్ జెల్లీని వేడిచేస్తే నీళ్ళవుతుంది, చల్లారితే మళ్ళీ గడ్డకడుతుంది. గుడ్డు ఉడికిస్తే గట్టిపడుతుంది, ఎంత చల్లార్చినా మళ్ళీ సొన కాదు. రొట్టె కాల్చాక మళ్ళీ తెల్లరొట్టె చేయగలమా? కాగితం తడిపితే? చెంచా తడిపితే? ముందు ఏమవుతుందో వాళ్ళనే చెప్పమనేదాన్ని. తప్పు చెబితే దిద్దేదాన్ని కాదు. గుడ్డు చూసుకుంటుందిలే, మనకెందుకు?

కొత్తగా చేరేవాళ్ళకి ఒక మాట. మీకు శిక్షణలో ఎన్ని బొమ్మలిచ్చినా, బల్ల మీద వాసన వచ్చే వస్తువు ఒకటి ఉండాలి. వాసన లేని పాఠం పిల్లలకి జ్ఞాపకముండదు.

పంచదార చేసిన పని

నా మొదటి తప్పు పంచదారతో జరిగింది. గ్లాసు నీళ్ళలో పంచదార కలిపి, గారడీవాడిలా చేతులు తిప్పి, "మాయమైపోయింది" అన్నాను. పిల్లలు నోళ్ళు తెరిచారు. నాకు మహా సంతోషం.

మూడు రోజుల తరవాత మెయ్ లిన్ వాళ్ళమ్మ వచ్చింది. పిల్ల స్నానానికి రావట్లేదట. బకెట్టు చూస్తే ఏడుస్తోందట. "నీళ్ళలో దిగితే మాయమైపోతానంటోంది. ఎవరో ఆపిల్ ఆంటీ చెప్పిందట. ఎవరు ఆపిల్ ఆంటీ?" అని నన్నే అడిగింది. కాసేపు నేను కూడా ఎవరబ్బా అని ఆలోచిస్తున్నట్టు నిలబడ్డాను.

మర్నాడు అందరికీ తలా చెంచా పంచదార నీళ్ళు నాలిక మీద పోశాను. పోలేదు, ఇక్కడే ఉంది, కనబడ్డం లేదంతే అని చెప్పాను. మెయ్ లిన్ రెండు చెంచాలు తాగింది. ఆ సాయంత్రం స్నానం చేసిందో లేదో గాని మర్నాడు పిల్ల దగ్గర సబ్బు వాసన వచ్చింది. పెద్దవాళ్ళు తమాషాకి అన్న మాటని పిల్లలు నిజమని ఇంటికి పట్టుకుపోతారు. ఇది తెలిశాక కూడా నేను తమాషాలు మానలేదు. ఎవరి దగ్గర ఏది ఆడాలో మాత్రం చూసుకున్నాను. చూసుకున్నాననుకున్నాను.

సహస్ర

ఆ జనవరిలో చేరింది సహస్ర. నాలుగు నిండి అయిదు నడుస్తోంది. తండ్రి కిరణ్, తల్లి మాధవి, ఇద్దరిదీ తెనాలి. మా బ్లాకులోనే పద్నాలుగో అంతస్తు. పిల్లకి తెలుగు తప్ప ఏదీ రాదు. మా బడిలో ఇంగ్లీషు, మాండరిన్ తప్ప ఇంకే భాషా మాట్లాడకూడదని గోడ మీద కాగితం అంటించి ఉండేది. వంటగది గోడ మీద ఇంకా పెద్దది, నా కోసం.

మొదటి వారం పిల్ల ఏడ్చింది. రెండో వారం ఏడుపు మానేసింది, దాంతోబాటు మాట కూడా. క్లాసు టీచరు తల్లిదండ్రుల్ని పిలిచి, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, తొందరగా అలవాటవుతుంది అని చెప్పింది. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు, ఉద్యోగమే అది. ఇంట్లో కూడా ఇంగ్లీషు మొదలుపెట్టారు. పిల్ల ఇంట్లో కూడా నోరు మూసుకుంది.

కానీ వంటగదిలో మూయలేదు.

ఒక మధ్యాహ్నం అందరూ పడుకుంటే లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను పొయ్యి మీద పోపు పెడుతున్నాను. ఇంగువ వాసనకి వచ్చిందన్నమాట. "ఏంటే, నిద్రరాలేదా" అన్నాను. గోడ మీది కాగితానికి వీపు పెట్టే అన్నాను. అంతే. ఆ రోజు నుంచి రోజూ గంట. మంచు ఎందుకు జారుతుంది, సబ్బుకి నురగ ఎక్కణ్ణుంచి వస్తుంది, నూనె నీళ్ళతో ఎందుకు కలవదు, నీ పళ్ళెందుకు ఎర్రగా ఉన్నాయి. పెద్దవాళ్ళు కూడా అడగని ప్రశ్నలు, చక్కటి తెనాలి తెలుగులో. నాకు తెలిసింది చెప్పేదాన్ని, తెలియంది కల్పించేదాన్ని. టీచరొస్తున్న చప్పుడైతే ఇద్దరం ఊరుకునేవాళ్ళం. ఆ పిల్ల నాకన్నా ముందే ఊరుకునేది.

జూన్‌లో రిపోర్టు వెళ్ళింది. "మాట్లాడదు" అని ఒక గడిలో టిక్కు.

ఒక సోమవారం కిరణ్ వచ్చాడు. మనిషి వాడిపోయి ఉన్నాడు. మిసెస్ కో లోపల ఫోన్లో ఉంటే, నేను కప్పులో మైలో పొడి పాలు కలిపి ఇచ్చాను.

"పాపని తెనాలి పంపేస్తున్నాం ఆంటీ" అన్నాడు. "ఈ శనివారం కాదు, పై శనివారం. అమ్మమ్మ దగ్గర ఏడాది ఉంచుదామని. అయిదు నెలలైంది, దాని నోట్లోంచి పూర్తిగా ఒక మాట విని. ఈ ఊరు పడలేదేమో. మాధవి రోజూ ఏడుస్తోంది."

నాకు తెలుసు. శుక్రవారం మధ్యాహ్నమే అది నాతో గంటసేపు వాగిందని నాకు తెలుసు. ఆ మాట చెబితే కాగితం సంగతి బయటపడుతుంది, కాగితం సంగతి బయటపడితే నేను బయటపడతాను. నోరు తెరిచాను. అందులోంచి వచ్చింది ఇది:

"మాట్లాడని ఆడపిల్ల దొరికితే దాచుకోవాలి గాని పంపేస్తారా బాబూ."

అతను మర్యాదకి నవ్వాడు. కప్పు సింకులో పెట్టి వెళ్ళిపోయాడు. నా జీవితంలో నేనాడిన తమాషాల్లో అంత చెత్తది ఇంకోటి లేదు.

పసుపూ సున్నం

ఆ గురువారం బల్ల మీద పసుపు నీళ్ళు పెట్టాను. మా అత్తగారి తాంబూలం డబ్బాలోంచి గోరంత సున్నం తెచ్చి, నేనే చెంచాతో కలిపాను. (మీరు సున్నం జోలికి పోకండి, పిల్లల కళ్ళలో పడితే ప్రమాదం. వంటసోడా కలిపినా రంగు మారుతుంది. అప్పట్లో నాకంత తెలివి లేదు.) పసుపు నీళ్ళు క్షణంలో రక్తంలా ఎర్రబడ్డాయి. పిల్లలంతా ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఇది గుడ్డు లాంటిది. ఇక వెనక్కి రాదు" అని తీర్పు చెప్పాను. పన్నెండు మంది పిల్లలు నమ్మారు.

మధ్యాహ్నం నేను అంట్లు తోముతుంటే సహస్ర వంటగదిలో కూర్చుని, నూడుల్స్ కోసం కోసిన నిమ్మచెక్కలతో ఆడుతోంది.

"ఆంటీ, మళ్ళీ వచ్చింది" అంది.

"ఎవరే, మీ టీచరా?"

"కాదు. పసుపు."

తిరిగి చూశాను. గిన్నెలో ఎర్రనీళ్ళు లేవు, పసుపు నీళ్ళున్నాయి. మళ్ళీ సున్నం వేశాను, ఎర్రబడింది. అది నిమ్మచెక్క పిండింది, పసుపైంది. నాలుగుసార్లు చేశాం. పాతికేళ్ళుగా వంటింట్లో ఉన్నాను, పులిహోర ఎన్నిసార్లు కలిపానో లెక్కలేదు, నాకీ సంగతి తెలీదు.

"నీకు తెలీదా ఆంటీ?"

"తెలీదే."

"మరి తెలుసని ఎందుకు చెప్పావు?"

ఇలాంటి ప్రశ్న మిమ్మల్నీ ఏదో ఒక రోజు అడుగుతారు. సమాధానం వెతకొద్దు. మర్నాడు అందరి ముందూ "నేను తప్పు చెప్పాను, సహస్ర కనిపెట్టింది" అని చెప్పండి. రేపు చెబుతానని సహస్రకి మాటిచ్చాను. ఈలోపు సాయంత్రమైంది.

లిఫ్టు ముందు

ఆ రోజు వంటగది సింకు మూసుకుపోయింది. మేమిద్దరం మళ్ళీ మళ్ళీ కలిపిన ఎర్రనీళ్ళు తొట్టెడు మిగిలాయి. వాయిడ్ డెక్ చివర, లిఫ్టు పక్కన కాలవ ఉంది. అక్కడ పారబోద్దామని నేనూ సహస్రా తొట్టి పట్టుకెళ్ళాం. లిఫ్టు ముందుకొచ్చేసరికి నా చెయ్యి జారి సగం నీళ్ళు నేల మీద పడ్డాయి. పిల్లని స్తంభం పక్కన తొట్టితో కూర్చోబెట్టి మాప్ తేవడానికి లోపలికెళ్ళాను. అది తన జేబులోని నిమ్మచెక్కల్లో రెండింటిని ఆ నీళ్ళలో పడేసింది. పనిచేస్తుందేమో చూద్దామని.

నేను తిరిగొచ్చేసరికి లిఫ్టు ముందు మన తెలుగువాళ్ళు అయిదుగురు, భుజాన లాప్‌టాప్ బ్యాగులతో, వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళకీ లిఫ్టుకీ మధ్య ఎర్రనీళ్ళు, కోసిన నిమ్మకాయలు.

"ఎవరో దిష్టి తీసి పారేశారు" అన్నాడు ఒకాయన.

"సింగపూర్లో ఎవరు తీస్తారండీ?"

"మనవాళ్ళే ఎవరో. పైగా ఇవాళ అమావాస్య."

"నాకిలాంటి నమ్మకాలు లేవు."

"అయితే మీరు ముందు దాటండి."

"నమ్మకం లేదన్నాను గాని తొందరుందని అన్లేదుగా."

"మెట్లెక్కి పోదామా?"

"పదకొండో ఫ్లోరండీ మాది."

ఈలోపు నాలుగో అంతస్తు చైనీస్ అంకుల్ కూరల సంచీతో వచ్చాడు. రబ్బరు చెప్పులతో చప్పచప్ప నీళ్ళలోంచి నడిచి లిఫ్టెక్కాడు. అయిదుగురూ మెడలు చాచి లిఫ్టు మీద వెలిగే అంకెలు చూశారు.

"దిగినట్టున్నాడు."

"బానే ఉన్నాడా?"

"అంకెలో అది కనబడదు కదండీ."

నిజం చెప్పాలంటే మాప్ నా చేతిలోనే ఉంది. రెండు ఊపుల్లో తుడిచేయొచ్చు. నేను తమాషా చూస్తూ నిలబడ్డాను.

అప్పుడొచ్చారు కిరణ్, మాధవి. మాధవి ముందు నీళ్ళు చూసింది, తరవాత స్తంభం పక్కన కూతుర్ని చూసింది. చెప్పుల్లేకుండా, పాదాలు ఎర్రగా, ఆ నీళ్ళలోనే గొంతుక్కూర్చుని ఉంది. తెనాలి నుంచి మాధవి వాళ్ళమ్మ ఫోన్లో రోజూ చెబుతోందట, పిల్లకి ఎవరిదో దిష్టి తగిలిందని. ఇంగ్లీషు ఎక్కడికి పోయిందో పోయింది.

"సహస్రా, లే అక్కణ్ణుంచి. తొక్కకు. లే ముందు" అంది.

పిల్ల తలెత్తింది. అయిదు నెలల తరవాత అమ్మ దానితో తెలుగు మాట్లాడింది. అది కూడా మాట్లాడింది.

"అమ్మా, ఇది పసుపేనమ్మా. సున్నం వేస్తే ఎర్రగా అయింది. నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపవుతుంది, చూడు. నేలమీద తక్కువ పిండాను, అందుకే అవలేదు. తొట్లో చూడు. ఆపిల్ ఆంటీ మళ్ళీ రాదు అంది. ఆంటీకి తెలీదు. రేపు అందరికీ చెబుతానంది."

తొట్టిలో మిగతా చెక్కలన్నీ పిండింది. ఎరుపు విరిగి పసుపైంది. అయిదుగురు ప్రోగ్రామర్లూ వంగి చూశారు. కిరణ్ బ్యాగు నేల మీద పెట్టి, అలాగే దాని మీద కూర్చున్నాడు.

మాధవి నీళ్ళలోకే నడిచింది. పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "ఇంకోసారి చెప్పమ్మా" అంది. అది ఇంకోసారి చెప్పింది, ఈసారి విసుక్కుంటూ. అప్పుడు మాధవి తలెత్తి నన్ను చూసింది.

"ఆంటీ, ఇది మీతో మాట్లాడుతుందా?"

"మాట్లాడుతుందమ్మా."

"ఎప్పట్నుంచి?"

"ఫిబ్రవరి నుంచి."

"ఈయన మొన్న వచ్చి పంపేస్తున్నామని చెప్పినప్పుడు కూడా మీకు తెలుసా?"

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

నాకు మాటకి మాట అందించడం ఎప్పుడూ కష్టం కాలేదు. ఆ రోజు మాత్రం తమాషా జోలికి పోలేదు. గోడ మీద కాగితముందమ్మా, ఉద్యోగం పోతుందని భయపడ్డాను అన్నాను. ఆమె పిల్లనెత్తుకుని, ఎర్ర పాదాలు చీరకంటుకుంటుండగా లిఫ్టెక్కింది.

ఆ తరవాత

మర్నాడు పిల్లల ముందు నా తప్పు ఒప్పుకుని, మిసెస్ కో దగ్గరికెళ్ళి నేనే అంతా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "వంటగదికీ నా గదికీ మధ్య ఉన్నది ప్లైవుడ్, ఆపిల్. నాకు చెవుడనుకున్నావా? నాకన్నీ వినబడతాయి లా" అంది.

"మరి రిపోర్టులో ఎందుకు రాయలేదు మేడమ్?"

"ఫారంలో ఇంగ్లీషు మాట్లాడుతుందా అనే గడి ఉంది. వంటగదిలో మాట్లాడుతుందా అనే గడి లేదు."

ఇద్దరికీ తెలిసి ఇద్దరం నోళ్ళు మూసుకున్నాం. ఆవిడకి ఫారం, నాకు కాగితం. ఆ మధ్యాహ్నం ఆవిడ నా గోడ మీది కాగితాన్ని తీసి స్టోర్‌రూమ్ తలుపు లోపలి వైపు అంటించింది. తలుపు మూసుకుని చీకట్లో చదువుకోవాలనుకుంటే ఎవరైనా చదువుకోవచ్చు.

టిక్కెట్టు రద్దు చేశారు. ఇంట్లో తెలుగు మళ్ళీ వచ్చింది. సెప్టెంబరుకల్లా సహస్ర క్లాసులో ఇంగ్లీషు కూడా మాట్లాడింది. మొదటి వాక్యం జున్ వీని తిడుతూ. క్లాసు టీచరు ఆ గడిలో టిక్కు మార్చి చాలా సంతోషించింది.

ఈ పనిలోకొచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. మంచు, పసుపు, పంచదార, అవన్నీ మీరు నాకన్నా బాగా చెబుతారు, చదువుకున్నవాళ్ళు. కానీ పన్నెండు గంటలు పిల్లని చూసేది మనం. ఆ పన్నెండు గంటల్లో ఏం జరిగిందో తల్లికి తెలిసేది మనం చెబితేనే. నియమం అడ్డమైనా, గడి లేకపోయినా, గుమ్మం దగ్గర నిలబెట్టి చెప్పండి. తమాషా తరవాత ఆడుకోవచ్చు.

సహస్ర మా దగ్గర ఇంకో ఏడాదిన్నర ఉంది. మాధవి రోజూ సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "ఈ రోజు ఏం మాట్లాడింది ఆంటీ?" అని అడిగేది. నేను పొద్దుట్నుంచి ఒక్క ముక్క వదలకుండా చెప్పేదాన్ని. మధ్యమధ్య నవ్వించాలని చూసేదాన్ని. మిగతా తల్లులు పడిపడి నవ్వే మాటలే. ఆమె నవ్వేది కాదు. ఆఖరి ముక్క దాకా విని, పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళేది. ప్రైమరీ స్కూల్లో చేరడానికి ముందు, మా బడిలో చివరి రోజున కూడా అలాగే అడిగింది. అంతా చెప్పాను. "ఇంకేమైనా ఉందా?" అంది. ఇంకేమీ లేదమ్మా, అంతే అన్నాను. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, సరే అని తలూపి వెళ్ళిపోయింది.